ఎనిమిదేళ్లు నిండని ల్యాప్‌టాప్

చినరేవు పురపాలక కార్యాలయంలో జనన మరణాల విభాగపు ల్యాప్‌టాప్ సోమవారం మొండికేయడంతో, అందులోని అరవై మూడు వేల నాలుగు వందల పన్నెండు నమోదులను మంగళవారం భోజన విరామం తర్వాత జూనియర్ అసిస్టెంటు బొడ్డేపల్లి దమయంతి తలలోకి ఎక్కించారు. ఎక్కించడానికి గంటా నలభై నిమిషాలు పట్టింది. ఆ సమయాన్ని డ్యూటీగానే పరిగణించారు.

ఆ కార్యాలయానికి ఇది కొత్తేమీ కాదు. పక్కనే పన్నుల విభాగంలో ప్రింటరు పోయి రెండేళ్లయింది. అప్పటి నుంచి అప్పలస్వామి అనే గుమాస్తా నోటీసులను నాలుకతోనే అచ్చువేస్తున్నాడు. పొద్దున వస్తే అక్షరాలు నల్లగా పడతాయని, సాయంత్రానికి మసకబారతాయని ఊళ్లో అందరికీ తెలుసు. అందుకే ఆ కౌంటరు దగ్గర రద్దీ ఎప్పుడూ పొద్దున పూటే ఉంటుంది.

తేలవలసింది ఒక్కటే: ల్యాప్‌టాప్‌ను ఇప్పుడే మార్చాలా, ఆగాలా? దాని వయసు ఏడేళ్ల రెండు నెలలు. నిబంధన ప్రకారం ఎనిమిదేళ్లు నిండాలి. నిండకముందే మార్చాలంటే ప్రత్యేక కారణం చూపాలి. ఆగడానికి ఏ కారణమూ అక్కర్లేదు. దీన్ని తేల్చడానికి ముగ్గురు సభ్యుల కమిటీ వేశారు. కమిటీ ప్రతి నెలా రెండో బుధవారం కూర్చునేది. మరో నాలుగు నెలల్లో ఇంతకన్నా మంచి మోడల్ వస్తుందని ఒక సభ్యుడు చెప్పాడు. ఇప్పుడు కొంటే అది వచ్చాక బాధపడతామన్నాడు. తన ఇంట్లోది కూడా ఇలాగే రెండుసార్లు ఆగిపోయి, దానంతటదే బాగుపడిందని రెండో సభ్యుడు చెప్పాడు. మూడో సభ్యుడు ఇద్దరితోనూ ఏకీభవించాడు. వేచి చూడాలని తీర్మానం రాసి, ముగ్గురూ సంతకాలు చేసి, టీ తాగి వెళ్లారు.

నమోదులను తలలోకి ఎక్కించినవాడు టెక్నీషియన్ జిలానీ. ముప్పై ఏళ్ల మనిషి, మాట మెత్తన. వైరు కొసను దమయంతి కుడి చెవి వెనక గుచ్చి, రెండో కొసను ల్యాప్‌టాప్‌కు పెట్టి, తెర మీద అడ్డంగా పడే ఆకుపచ్చ గీత పోయేదాకా దాని మూత మీద రెండు దెబ్బలు వేశాడు.

"మీ తల దాదాపు నిండిపోయే ఉంది మేడమ్. నలభై ఆరేళ్లది కదా," అన్నాడు. "కొంచెం ఖాళీ చెయ్యాలి."

అందుకు ఒక ఫారం ఉంది. తొలగించదగిన సొంత జ్ఞాపకాలను వరసగా రాసి కింద సంతకం పెట్టాలి. మొదటి జాబితా రాయడానికి దమయంతికి పది నిమిషాలు కూడా పట్టలేదు. పదో తరగతి లెక్కలు, ఎప్పుడో తీసేసిన ల్యాండ్‌లైన్ నంబర్లు, చూసి మరిచిపోవాల్సిన సీరియళ్ల కథలు, ఆడపడుచు పెళ్లిలో ఎవరో అన్న మాట. అవి పోయాక తల తేలికైనట్టనిపించింది కూడా. ఆ మాట అన్నదెవరో మర్చిపోవడం వల్ల ఆ నెలంతా ఆమెకు అందరి మీదా సమానంగా చిరాకు ఉండేది.

పని మామూలుగానే సాగింది. జనం వచ్చి పేరు చెప్పేవారు. దమయంతి కళ్లు మూసుకునేది. నమోదు కనిపించేది. చూసి చేత్తో రాసి స్టాంపు వేసేది. ధ్రువపత్రం సిస్టమ్ నుంచే రావాలన్న నిబంధన ఉంది కాబట్టి, పదిన్నర నుంచి ఐదు దాకా ల్యాప్‌టాప్ మూత తెరిచి, వైరు చెవికి పెట్టుకుని కూర్చునేది. సాయంత్రం వైరు తీసేసినా నమోదులు మాత్రం ఆమెతో పాటే ఇంటికి వచ్చేవి.

"ఈయాల కూరేటే?" అని భర్త తవిటయ్య అడిగితే, "పురుషుడు, మూడు కిలోల వంద గ్రాములు" అనేది ఒక్కోసారి. తవిటయ్య స్కూలు వ్యాను డ్రైవరు. రోజూ ఇరవై రెండు మంది పిల్లల గోల మధ్య బండి నడిపేవాడు కాబట్టి సంబంధం లేని జవాబులు అతనికి అలవాటే. మూత తీసి తనే చూసుకునేవాడు.

కానీ ఊళ్లో జనం పుట్టడమూ చావడమూ మానలేదు. నెలకు వంద దాకా కొత్తగా చేరేవి. రెండో నెలలో రెండో జాబితా, మూడో నెలలో మూడోది. పనికిరానివి అయిపోయాయి. దమయంతి తను చదివిన బడికి వెళ్లే దారి ఇచ్చింది. ఈత ఇచ్చింది. అమ్మ పాడే పాటల్లో రెండు ఉంచుకుని మిగతావి ఇచ్చింది. ఒక ఆదివారం తవిటయ్య ఏదో అని తనే నవ్వాడు. పెళ్లయిన కొత్తలో పడవ మీద జరిగిన విషయమది. పాతికేళ్లుగా ఆ ఒక్క మాట అంటే చాలు, ఇద్దరికీ నవ్వాగేది కాదు. దమయంతి అతని ముఖం వైపు మర్యాదగా చూసింది.

"అదీ ఇచ్చీసినావేటి?" అన్నాడు.

"ఇచ్చినట్టున్నానండి. ఏటది?"

చెప్పబోయి, చెబితే నవ్వు రాదని తెలిసి, ఊరుకున్నాడు.

నాలుగో నెలలో దమయంతి మేనేజరు గుణాకరరావు గదికి వెళ్లింది. రిటైర్మెంటుకు ఏడాదిన్నర ఉన్న మనిషి. ఎవరినీ కసురుకోడు. ఆమెను కూర్చోమన్నాడు.

"కొత్తది తెప్పించండి సార్. నాకు తల సరిపోవట్లేదు," అంది.

"రాశానమ్మా. రెండుసార్లు రాశాను. ప్రత్యేక కారణం అడుగుతున్నారు."

"నా తల నిండిపోవడం కారణం కాదా సార్?"

"అది మీ తల సంగతి. వాళ్లు అడిగేది ల్యాప్‌టాప్ గురించి. పని ఆగిందా? ఆగలేదు. తప్పు పత్రం ఒక్కటైనా వెళ్లిందా? వెళ్లలేదు. ఫిర్యాదు వచ్చిందా?" ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నేను ఫ్యాక్స్ మిషన్ని తొమ్మిదేళ్లు మోశాను దమయంతి గారూ. ఇప్పటికీ ఎవరి ఫోనైనా మోగితే చెవిలో కీచుమంటుంది. మా పెళ్లి నాకు గుర్తు లేదు. మా ఆవిడ ఆల్బం పెట్టి చూపిస్తుంది. బాగానే జరిగినట్టుంది."

ఆ మర్నాడే జిలానీ కొత్త ప్రోగ్రాం తెచ్చాడు. ఇకపై జాబితాలు రాయనక్కర్లేదని, ఒకే విషయం రెండు చోట్ల ఉంటే ఈ ప్రోగ్రాం కనిపెట్టి ఒకదాన్ని తీసేస్తుందని చెప్పాడు. వైరు పెట్టి నడిపాడు. అలాంటిది ఒక్కటే తేలింది.

"ఇరవై ఒక్క ఏళ్ల కిందటిది మేడమ్. నలభై ఒక్క వేల ఆరో నంబరు, మరణం. మగ శిశువు, పేరు పెట్టలేదు, పదకొండు రోజులు. ఇదే విషయం మీ సొంత వాటిలో కూడా ఉంది. రిజిస్టర్లో ఉన్నది ఒక్క వరస. మీ దగ్గరున్నది చాలా పెద్దది, చాలా చోటు తింటోంది." తెర వైపే చూస్తూ చెప్పాడు. "రెండింట్లో అధికారికమైనది ఉంటుంది. రెండోది పోతుంది."

ఆ పదకొండు రోజులూ వానే. పిల్లవాడి ఎడమ చెవి కొస మడత పడి ఉండేది, కాగితం మడిచినట్టు. దమయంతి ఇరవై సార్లు వేలితో సాపు చేసి ఉంటుంది. వేలు తీయగానే మళ్లీ మడత పడేది. వాడి తర్వాత వాళ్లకు పిల్లలు కలగలేదు.

"అభ్యంతరం ఉంటే ఏడు రోజుల్లో రాసివ్వొచ్చు మేడమ్," అన్నాడు జిలానీ. "కమిటీకి వెళ్తుంది."

"కమిటీ మళ్లీ ఎప్పుడు?"

"మొన్ననే అయింది."

కమిటీ కూర్చునేలోగా ఏడు రోజులూ గడిచిపోతాయి. ఇక మిగిలిన దారి గుణాకరరావు తనకు తెలియకుండానే చెప్పిన దారి. ఒక తప్పు పత్రం, దాని మీద ఒక ఫిర్యాదు. అది వస్తే కొత్త ల్యాప్‌టాప్‌కు ప్రత్యేక కారణం దొరికినట్టే, తల ఖాళీ చేయాల్సిన పనే ఉండదు. పదిహేడేళ్ల ఉద్యోగంలో దమయంతి తెలిసి తప్పు రాయలేదు. రెండు రోజులు కౌంటరులో కూర్చుని ఎవరికి రాస్తే తక్కువ నష్టమా అని వచ్చిన ముఖాలన్నీ చూసింది. ఎవరికి రాసినా నష్టమే అనిపించింది. మూడో రోజు జామి సూరయ్య వచ్చాడు. డెబ్బై దాటిన మత్స్యకారుడు. భార్య కన్నమ్మ మరణ పత్రం కావాలన్నాడు. ఆమె పోయిన రోజు అతనికి బాగా గుర్తుంటుందని, వెంటనే గొడవ పెడతాడని దమయంతి అనుకుంది. కళ్లు మూసుకుంది. కార్తీక పున్నమి నాటి తేదీ స్పష్టంగా కనిపించింది. దానికి పదిహేడు రోజుల తర్వాతి తేదీ వేసి, స్టాంపు కొట్టి, పైకి చదివి వినిపించింది.

సూరయ్య తల అడ్డంగా ఊపాడు. "కాదు తల్లీ. నిండు పున్నమి నాడు పోనాది. ఈదంతా దీపాలెట్టుకున్నారు. మా ఇంట్లోనే నేదు."

దమయంతి సొరుగు తెరిచింది. "ఇందులో ఇలా ఉంది తాతా. తప్పనిపిస్తే ఫిర్యాదు రాసివ్వండి. కాగితం నేనిస్తాను."

ముసలాయన పత్రాన్ని చాలాసేపు చూశాడు. అతనికి చదువు రాదు. స్టాంపును మాత్రం వేలితో తడిమాడు. ముఖంలో పట్టుదల కొద్ది కొద్దిగా సడలింది.

"అయితే నానే తప్పు సెప్తన్నాను," అన్నాడు. "ముసిలోణ్ణి. ఆ దీపాలు మరింకే ఏడాదివో. మీ మిసనుకి నాతో ఏటి పగ, అబద్దం సెప్పడానికి?"

"తాతా, ఆగండి." దమయంతి లేచి నిలబడింది. చెవి వెనక వైరు లాగింది. "నాదే తప్పు. నేను పొరపాటున రాశాను. పున్నమే. మీకు గుర్తున్నదే నిజం. ఇలా ఇవ్వండి, మార్చి రాస్తాను."

సూరయ్య పత్రాన్ని గుండెకు ఆనించి పట్టుకున్నాడు. "వొద్దమ్మా. స్టాంపు పడిపోనాది. నువ్వొకటి, ఇదొకటి సెప్తే నాను దేన్ని నమ్మాల? ఇయ్యేడు నుంచి ఈ తేదీకే దానికి బువ్వెట్టుకుంటాను."

వెనక వరసలో నిలబడ్డ వాళ్లు తొందరపెట్టారు. సూరయ్య వెళ్లిపోయాడు. ఆ నెల నివేదికలో ఫిర్యాదులు అన్న గడిలో సున్నా వేశారు. సిస్టమ్ సక్రమంగా పనిచేస్తోందని కింద రాశారు. రాసింది దమయంతే. ఆ నివేదిక తయారుచేయడం ఆమె పనే.

ఏడో రోజు పొద్దున తయారవుతూ, వరండాలో వ్యాను అద్దం తుడుస్తున్న తవిటయ్యకు విషయం చెప్పింది. అతను తుడవడం ఆపలేదు.

"నాకు గుర్తున్నాది కదే," అన్నాడు. "నా తలకాయ్ ఇంకా ఎవులూ అడగనేదు. నాకాడ ఉంటాదిలే."

కార్యాలయానికి వెళ్లి తొలగింపు కాగితం మీద సంతకం పెట్టింది. జిలానీ వైరు పెట్టాడు. రెండు నిమిషాల పని. కళ్లు తెరిచాక దమయంతి మంచినీళ్లు అడిగి తాగింది. తర్వాత కిటికీ బయట వాన పడుతుంటే, బాగా కురుస్తోందే, చేలకు మంచిదే అంది.

వారం తర్వాత భోజన విరామానికి ముందు తవిటయ్య కౌంటరు వరసలో నిలబడ్డాడు. అతని ముందు నలుగురు ఉన్నారు. వాళ్లను దాటి రాలేదు. తన వంతు వచ్చాక నింపిన దరఖాస్తు కిటికీ లోపలికి తోశాడు. దమయంతి దాన్ని చదివింది.

"మరణించిన వారికి మీరేమవుతారండి?" అని అడిగింది. భర్తే అయినా ఆ గడి నింపాలి.

"తండ్రిని."

కళ్లు మూసుకుంది. "మగ శిశువు. పేరు లేదు. వయసు పదకొండు రోజులు. స్థలం, ప్రభుత్వ ఆసుపత్రి. కారణం, ఊపిరాడకపోవడం. తల్లి పేరు..." ఆగింది. కళ్లు తెరవలేదు. "తల్లి పేరు బొడ్డేపల్లి దమయంతి."

"సెవి సంగతి ఏటైనా ఉన్నాదా అందులో?"

"చెవా? లేదండి. అలాంటివి రాయరు."

"వాన సంగతో?"

"లేదు."

"సర్లే," అన్నాడు. పత్రం తీసుకున్నాడు. "ఇంకోపాలి సదువు. తొందరేటి లేకపోతే."

ఆమె మళ్లీ చదివింది. ఈసారి నెమ్మదిగా చదివింది. వెనక ఉన్న వాళ్లెవరూ గొడవ చేయలేదు. ఆ సాయంత్రం అతను చెవి మడత గురించి, వాన గురించి, ఆమె వేలితో సాపు చేయడం గురించి తనకు తెలిసిందంతా చెప్పాడు. దమయంతి చేతిలో పని పక్కన పెట్టి శ్రద్ధగా విన్నది. పాపం ఆ తల్లి అనుకుంది. ఆ తల్లి తనేనని కూడా తెలుసు, రిజిస్టర్లో ఉంది కాబట్టి.

ఆ తర్వాత ఒక అలవాటు మొదలైంది. మధ్యాహ్నం డబ్బా అన్నం తినడం అయ్యాక రెండు నిమిషాలు కళ్లు మూసుకుని నలభై ఒక్క వేల ఆరో వరస చూసుకునేది. దాని పైన పడవ మునిగి చనిపోయిన కళాసీ ఒకడున్నాడు. కింద ఎనభై ఏళ్ల టీచరమ్మ ఉంది. వాళ్లిద్దరి మధ్యన వాడు. పగలల్లా వేల వరసలు కదిలేవి కానీ దాన్ని వెతకాల్సిన పని ఉండేది కాదు. తలుచుకోగానే వచ్చేది. ఆమెలో ఏదీ కదిలేది కాదు. అయినా చూసుకునేది.

ల్యాప్‌టాప్‌కు ఎనిమిదేళ్లు నిండిన నెలలోనే కొత్తది వచ్చేసింది. ఇంత త్వరగా వస్తుందని ఎవరూ అనుకోలేదు. అట్టపెట్టె మీది ప్లాస్టిక్ కూడా విప్పకుండా గుణాకరరావు తన బల్ల మీద పెట్టుకున్నాడు. దమయంతిని, జిలానీని పిలిచాడు.

"నమోదులన్నీ ఇందులోకి మార్చేస్తాం మేడమ్," అన్నాడు జిలానీ. "ఒక్క పూట పని. మీ తల పూర్తిగా ఖాళీ అయిపోతుంది."

"నేను ఖాళీ చేసినవి తిరిగి వస్తాయా?"

"రావు మేడమ్. అవి పోయినట్టే. చోటు మాత్రం ఉంటుంది."

"రిజిస్టరు మొత్తం పోతుందా? ఒక్క వరస కూడా మిగలదా?"

"ఒక్కటీ మిగలకూడదు మేడమ్. మిగిలితే రెండు చోట్ల ఉన్నట్టవుతుంది కదా."

గుణాకరరావు ఒక ఫారం ముందుకు జరిపాడు. వినియోగదారు అభిప్రాయం అని ఉంది పైన. ఈ విషయంలో నిర్ణయం మొదటిసారి దమయంతి చేతికే వచ్చింది. ఇప్పుడు మార్చాలా, ఆగాలా. రెండు గడులున్నాయి. ఒకదాంట్లో టిక్కు పెట్టాలి.

ఆమె ఒక రోజు గడువు అడిగింది. ఇంటికి వెళ్లి తవిటయ్యకు చెప్పింది.

"మార్చీమను," అన్నాడతను. "పత్రం బీరువాలో ఉన్నాది కదా. ఎప్పుడు కావాలంటే అప్పుడు సదువుకోవచ్చు."

"అది కాగితం. అందరికీ ఇచ్చేదే," అంది. "ఇది నా లోపల ఉంది. వాడిది నా దగ్గర మిగిలింది ఆ ఒక్క వరసే. ఆ వరస కోసం మిగిలిన అరవై ఎన్ని వేలైతేనేం, మోస్తాను."

తవిటయ్య వాదించలేదు. అతను అలిసిపోయి ఉన్నాడు. ఆ వారమే స్కూలువాళ్లు వ్యానులో చెడిపోయిన హారను సంగతి అతనితో మాట్లాడారు.

మర్నాడు ఆమె ఫారం తెచ్చి ఇచ్చింది. గుణాకరరావు టిక్కు ఎక్కడుందో చూసి, ఆశ్చర్యపోకుండా తల ఊపాడు. నిజానికి ఆయన ముఖం తేటపడింది. "నేనూ అదే అనుకున్నానమ్మా. కొత్తది వాడితే పాడవుతుంది," అన్నాడు. పెట్టెను ఇనుప బీరువాలో పెట్టి తాళం వేశాడు. అందులో ఒక ప్రింటరు, రెండు ఫ్యాక్స్ మిషన్లు, గోడ గడియారాలు కొన్ని, అన్నీ ప్లాస్టిక్ విప్పనివే, అప్పటికే సర్ది ఉన్నాయి. జిలానీ ఇంకో విభాగానికి వెళ్లాడు. అక్కడ కూలరు ఆగిపోయిందట, ఎవరినో చూడాలట.

పదిన్నరకు దమయంతి వైరు పెట్టుకుని కిటికీ తలుపు తీసింది. బయట పదకొండు మంది ఉన్నారు. మొదట ఒక కుర్ర జంట. ఆడపిల్ల పుట్టి పన్నెండు రోజులైంది. పేరు నమోదు చేయించాలి. తండ్రి ఎంతో ముచ్చటపడి పెట్టుకున్న పేరులా ఉంది, చెప్పడానికి ముందు గొంతు సవరించుకున్నాడు.

"ఒక్క నిమిషం," అంది దమయంతి.

కళ్లు మూసుకుంది. లోపల ఎక్కడా చోటు లేదు. తన సొంతవి ఇంకా కొన్ని ఒక మూల ఉన్నాయి. వాటిలో చేతికి అందినదాన్ని, ఏమిటో చూడకుండా, తీసి వదిలేసింది. పెద్దగా తేడా తెలియలేదు. కళ్లు తెరిచి కలం పట్టుకుని, తల్లి ఒళ్లో పిల్లను చూసి నవ్వింది.

"ఇప్పుడు చెప్పండి," అంది.